నాలుగో ట్యాంకు, రెండు ఎర్ర పీలికలు

నా పేరు, ఇంటి నంబరు గుమాస్తాగారు పై కాగితంలో రాసుకున్నారు. వయసు నలభై ఒకటి. వృత్తి కుట్టుపని. బట్టలు కుట్టను. కాన్వాసు సంచులు, బళ్ళ మీద కప్పే కవర్లు, పనిముట్లు పెట్టుకునే సంచులు కుడతాను. నూనె ఓడలో పంపుమన్‌గా పనిచేస్తూ గత నెల పదకొండో తేదీన చనిపోయిన మనిషి నా భర్త. ఆయన చావుకు కారకుడని పోలీసులు లోపల పెట్టిన సరంగు నాకు చుట్టం కాదు. డెక్ మీద పనిచేసే వాళ్ళందరికీ అతను మేస్త్రి. మా ఆయనకు స్నేహితుడు కాబట్టి అన్నయ్య అని పిలుస్తాను, అంతే. అతని తరఫు వాళ్ళెవరూ నన్ను ఇక్కడికి పంపలేదు. ఎవరూ బెదిరించలేదు. బెదిరిస్తే బెదిరే రకం కాదని మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు.

మేజిస్ట్రేటుగారూ, నిదానంగా చెప్పమని మీరన్నారు. నేను నిదానంగా మాట్లాడే మనిషిని కాను. గుమాస్తాగారి చెయ్యి నొప్పి పుడితే చెప్పండి, ఆపుతాను.

ముందు ఆయన పని ఏమిటో చెప్పాలి. లేకపోతే పీలికల సంగతి మీకు తలా తోకా లేకుండా ఉంటుంది. నూనె ఓడ అంటే పెట్రోలు, డీజిలు లాంటివి మోసే ఓడ, దాని కడుపు నిండా ట్యాంకులే. వాటి అడుగున లావుపాటి గొట్టాలు చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికే వచ్చి కలుస్తాయి. అలాంటివి రెండు చుట్లు. ప్రతి ట్యాంకూ ఒక వాల్వు ద్వారా ఆ చుట్టుకు కలుస్తుంది. రెండు చుట్లనూ కలపడానికి అడ్డంగా ఇంకో గొట్టం, దానికి ఇంకో వాల్వు. ఏ నూనె ఏ ట్యాంకులోకి పోవాలో, ఏది పోకూడదో, ఏ వాల్వు తియ్యాలో, ఏది ముయ్యాలో చూసుకునేవాడు పంపుమన్. ఇదంతా నాకు ఓడ ఎక్కితే తెలిసింది కాదు. నేను ఓడ ఎక్కలేదు. ఇంటికి వచ్చినప్పుడు అన్నం తిన్నాక వంటింటి గట్టు మీద తడి వేలితో గీసి చెప్పేవారు. గీత ఆరిపోతే మళ్ళీ గీసేవారు. నాకు గిన్నెలు కడుక్కునే తొందర, ఆయనకు గొట్టాలు చూపించే తొందర.

కొత్త ఓడల్లో ఒక్కో వరస ట్యాంకులకు ఒక్కో గొట్టం విడిగా ఉంటుందట. "అవి వేరు కాపురాలు. ఎవరి పొయ్యి వాళ్ళది. మా ఓడ పాతది, ఉమ్మడి కాపురం. ఒకడు తలుపు తీస్తే అందరి గదుల్లోకీ గాలి కొడుతుంది" అనేవారు. మా అత్తగారు వింటూండగానే అనేవారు. ఆవిడ "ఉమ్మడి కాపురం కాబట్టే నీకు ఇంత ముద్ద దొరుకుతోంది, నోరు మూసుకుని తిను" అనేది. ఆయన నవ్వేవారు.

ఇక్కడ ముఖ్యమైన మాట ఒకటుంది, ఇది తప్పకుండా రాసుకోండి. వాల్వు ట్యాంకు అడుగున ఉంటుంది. దాన్ని తిప్పే చక్రం పైన డెక్ మీద ఉంటుంది. మధ్యలో పొడుగాటి ఇనప కడ్డీ. పైన చక్రం తిప్పేవాడికి కింద ఎవరున్నారో కనపడదు. నాలుగో ట్యాంకు చక్రం దగ్గర నిలబడితే, మనిషి దిగే కన్నం కూడా కనపడదట. మధ్యలో డెక్ గొట్టాలు అడ్డం.

ట్యాంకులో ఏదైనా చెయ్యాల్సి వస్తే దాన్ని ఖాళీ చేసి, కడిగి, గాలి పట్టించి, లోపల విషవాయువు లేదని చూసి అప్పుడు దిగుతారు. దిగే ముందు ఆ ట్యాంకులోకి వచ్చే దారిలో రెండు వాల్వులు మూస్తారు. ఒకటి కారినా రెండోది ఆపాలని. మూసిన వాల్వును ఇంకొకరు తెరవకుండా చక్రానికి తగిలించమని కంపెనీ వాళ్ళు ప్లాస్టిక్ బిళ్ళలు ఇచ్చారు. సముద్రం గాలికి అవి ఏ మూలకో ఎగిరిపోయేవట. అందుకని ఆయన ఇంటి నుంచి ఎర్ర పీలికలు తీసుకెళ్ళేవారు. మాకు పెళ్ళయిన కొత్తలో కొన్న ఎర్ర దుప్పటి ఒకటి ఉండేది, మందంగా ఉండేది. అది నడుమన చిరిగాక పారెయ్యనివ్వలేదు. ఓడ ఎక్కబోయే ప్రతిసారీ దాంట్లోంచి కొన్ని పీలికలు చింపి, అంచులు కుట్టి ఇచ్చేదాన్ని. ఆ దుప్పటి ఇప్పుడు జేబురుమాలంత మిగిలింది.

ఆయన పద్ధతి ఇది. పీలిక ఉంటే లోపల మనిషి ఉన్నాడు. పీలిక లేకపోతే లేడు. కట్టిన చెయ్యే విప్పాలి. టీ తాగడానికి పైకి వచ్చినా విప్పేవారు, మళ్ళీ దిగేటప్పుడు మళ్ళీ కట్టేవారు. మొదట్లో అందరూ ఎగతాళి చేశారు. "ఏం బావా, చక్రానికి రిబ్బను కట్టి బడికి పంపుతున్నావా?" అని సరంగు అనేవాడు. ఆయనకు పీలికల పంపుమన్ అని పేరు పెట్టారు. తర్వాత తర్వాత అందరూ ఆ పీలికనే చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. చీఫ్ ఆఫీసరు కూడా వాకీటాకీలో "పీలికలున్నాయా?" అని అడిగేవాడట. ఉన్నాయంటే ఆగేవాడు, లేవంటే తియ్యమనేవాడు. పీలికను ఎంతగా నమ్మారంటే, మనిషిని పిలిచి చూసుకోవడం మానేశారు. ఆయన కూడా దాన్ని గొప్పగానే చెప్పుకున్నారు. నేను కూడా విని మురిసిపోయాను.

ఇప్పుడు పదకొండో తేదీ సంగతి. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేశారు. ఓడ జెట్టీకి కట్టేసి ఉంది. నాలుగో ట్యాంకు వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు, అడుగున చెత్త ఇరుక్కుంది, రేపు దిగి చూస్తాను అన్నారు. మన వంటింటి కుళాయి ఎలా ఉంది అన్నారు. ఇంకా కారుతోంది అన్నాను. "నువ్వు ముట్టుకోకు, నేనొచ్చి వాషరు మారుస్తాను. నువ్వు బిగిస్తే మర కూడా పోతుంది" అన్నారు. ఇంత పెద్ద ఓడ గొట్టాలు చూసే మనిషికి ఇంట్లో కుళాయి బాగు చెయ్యడానికి మాత్రం తీరిక లేదు అన్నాను. నవ్వారు. అంతే, పెట్టేశారు. ఆ కుళాయి ఇప్పటికీ కారుతోంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు జరిగింది నేను చూడలేదు. ఓడలో వాళ్ళు చెప్పింది, స్టేషన్లో విన్నది చెబుతున్నాను. పొద్దున చీఫ్ ఆఫీసరు ఆయనకూ సరంగుకూ కలిపి చెప్పాడు, వాల్వు పని అయిపోగానే గొట్టంలో మిగిలిన నూనెను నాలుగో ట్యాంకులోకి దించెయ్యాలని. తొమ్మిదిన్నరకు ఆయన దిగారు. నాలుగో ట్యాంకు చక్రానికి ఒకటి, అడ్డ గొట్టం చక్రానికి ఒకటి, రెండు పీలికలు కట్టడం ఇద్దరు చూశారు. పదకొండు గంటలకు కూడా అవి ఉన్నాయని ఒక కళాసీ చెప్పాడు. పన్నెండు ప్రాంతంలో చిన్న వాన వచ్చింది. అందరూ భోజనానికి కదిలారు. చీఫ్ ఆఫీసరు వాకీటాకీలో అడిగాడు. సరంగు రెండు చక్రాల దగ్గరికీ వెళ్ళి చూశాడు. పీలికలు లేవన్నాడు. అయితే తియ్యమన్నాడు చీఫ్ ఆఫీసరు. సరంగు రెండు వాల్వులూ తీశాడు.

భోజనాల బల్ల దగ్గర ఆయన కంచం ఖాళీగా ఉండటం చూసి వంటవాడు అడిగాడట, పీలికల పంపుమన్ ఏడీ అని. అప్పుడు సరంగు పరిగెత్తాడట. వాల్వులు మూసి, ముఖానికి మాస్కు కూడా తగిలించుకోకుండా కన్నంలోకి దిగాడు. ఆయనను తాడు కట్టి పైకి లాగించింది అతనే. పైకి వచ్చి తను కూడా పడిపోయాడు. ఆ నూనెలో మనిషి మునగక్కర్లేదు అయ్యా. అది మడమల దాకా కూడా రాలేదట. దాని ఆవిరి చాలు.

నాకు ఫోన్ వచ్చింది ఒంటిగంట ఇరవైకి. బడి సంచి కుడుతున్నాను. ఫోన్ పెట్టేసి ఆ సంచి కుట్టు చివరిదాకా పూర్తి చేశాను. ఎందుకు చేశానో నాకు తెలియదు. కుట్టు చాలా తిన్నగా వచ్చింది.

చీఫ్ ఆఫీసరు, కంపెనీ వాళ్ళు చెప్పింది ఏమిటంటే, సరంగు భోజనం తొందరలో పీలికలు పీకేసి, లేవని అబద్ధం చెప్పాడని. ఆయన విప్పడం ఎవరూ చూడలేదు కాబట్టి పోలీసులూ అదే రాసుకున్నారు. నేనూ అదే నమ్మాను. దాచిపెట్టను, సరంగు కనపడితే గొంతు పట్టుకునేదాన్ని.

ఆసుపత్రి వాళ్ళు ఆయన ఒంటి మీది బట్టలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చారు. కంపెనీ వాళ్ళు ఒక పెట్టె పంపారు. అందులో చెప్పులు, దువ్వెన, కళ్ళద్దాలు, నేను కుట్టిన పనిముట్ల కాన్వాసు. రెంటినీ వారం రోజులు ముట్టుకోలేదు. ఇల్లంతా నూనె వాసన. అది ఎప్పుడూ ఉండే వాసనే, ఆయన వచ్చినప్పుడల్లా ఉండేదే, అందుకే ఇంకా కష్టంగా ఉండేది. మా అత్తగారు ఉతికేస్తానని పట్టుకుంటే లాక్కున్నాను. తర్వాత నేనే స్నానాలగదిలో తలుపు వేసుకుని తీశాను. నీలం బాయిలర్ సూట్, మెడ నుంచి కాళ్ళ దాకా ఒకటే కుట్టు. కుడి జేబుకు గుండీ పెట్టి ఉంది. గుండీ తీస్తే రెండు ఎర్ర పీలికలు. ఒక్కోటీ మూడు మడతలు పెట్టి, ఒకదాని మీద ఒకటి. ఆయన జేబురుమాలు కూడా అలాగే మడత పెట్టుకునేవారు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

తర్వాత కాన్వాసు చూశాను. దానికి పదకొండు అరలు, ఒక్కో అరలో ఒక్కో పనిముట్టు పడుతుంది, చుట్టేసి నాడా కడితే సరిపోతుంది. ఒక అర ఖాళీ. చిన్న రింగు స్పానరు ఉండాల్సిన అర. ఆ స్పానరు ఆయన పిడికిట్లో ఉంటే విడదీశామని సరంగు పోలీసులకు చెప్పిన మాటే. కాన్వాసు కన్నం పక్కన దొరికిందని కళాసీ చెప్పాడు. నేను చూసింది ఇంకొకటి. కాన్వాసు లోపలి వైపు నీటి మరకలు. అరల్లో తడి దిగి తుప్పు పట్టింది. వాన పడేటప్పుడు అది చుట్టి ఉంటే బయటే తడవాలి, లోపల తడవదు. నేను కుట్టిన గుడ్డ సంగతి నాకు తెలియదా? అది పరిచి ఉంది. ఆయన పరిచి వదిలేసి ఎక్కడికీ వెళ్ళే మనిషి కాదు.

కాబట్టి జరిగింది ఇదీ అని నేను చెబుతున్నాను. ఆయన పని ముగించుకుని పైకి వచ్చారు. రెండు చక్రాల దగ్గరికీ వెళ్ళి పీలికలు విప్పి, మడత పెట్టి, జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నారు. కన్నం దగ్గరికి వచ్చి పనిముట్లు సర్దుకోబోతే ఒకటి తగ్గింది. ట్యాంకు అడుగున ఇనప ముక్క వదిలేస్తే అది గొట్టంలోకి వెళ్ళి పంపును విరగ్గొడుతుంది. అది ఆయనకు సహించరానిది. పంపు గదిలో వింత చప్పుడు వస్తే అన్నం దగ్గర నుంచి లేచిపోయే మనిషి. ఒక్క నిమిషమే కదా అని మళ్ళీ దిగారు. మళ్ళీ వెళ్ళి పీలికలు కట్టలేదు. చక్రాలు అవతల ఉన్నాయి, వాన పడుతోంది, ఒక్క నిమిషమే కదా. స్పానరు దొరికింది కూడా. చేతిలోనే ఉంది.

నాకు కోపం వస్తోంది అయ్యా. రాసుకోండి, ఫర్వాలేదు. సరంగు మీద కాదు, ఆయన మీద. పోతే పోయింది స్పానరు. పంపు విరిగితే కంపెనీ వాళ్ళు కొత్తది బిగించుకుంటారు. నేనేం చేసుకోను? పంపు మీద ఉన్న జాగ్రత్తలో పిసరంత తన ప్రాణం మీద పెట్టుకుంటే ఏమయ్యేది?

పీలికలు తీసుకుని స్టేషనుకు వెళ్ళాను. ఇన్స్పెక్టరుగారు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి విన్నారు. విని, "అమ్మా, ఆయన దగ్గరికి మొదట దిగింది సరంగే. తను పీకేసిన పీలికలు తనే ఆ జేబులో కుక్కి ఉండొచ్చు కదా" అన్నారు. ఆ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. పీలికలు మళ్ళీ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

లాకప్పులో సరంగును ఒకసారి చూశాను. కటకటాల అవతల నుంచి నా ముఖం చూడలేకపోయాడు. "చెల్లెమ్మా, చక్రం మీద పీలిక లేదు. బావా అని ఒక కేక కూడా వేశాను. పలకలేదు. కన్నం దాకా వెళ్ళి తొంగి చూడాల్సింది. చూడలేదు. అది మాత్రం నా తప్పే. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. పీలిక పీకలేదు" అన్నాడు. అది కూడా ఉన్నదున్నట్టు రాసుకోండి. అతను తొంగి చూడలేదు. చూసి ఉంటే ఆయన ఇప్పుడు మా వంటింట్లో ఉండేవారు. ఆ ఒక్కటీ నేను అతనికి మాఫీ చెయ్యలేను. కానీ చెయ్యని పని చేశాడని అతన్ని జైల్లో కూర్చోబెట్టడం నాకు కుదరదు.

మా అత్తగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఇంట్లో పెద్ద గొడవే అయింది.

"ఇరవై ఏళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళు నేర్చుకున్నారు. ఇప్పుడు నువ్వు పోయి, తప్పు మా ఆయనదే అని చెబుతావా? నీకు నోరెలా వస్తుందే?" అంది.

"సరంగు జైల్లో కూర్చుంటే మీ అబ్బాయి లేచి వస్తాడా అత్తయ్యా?" అన్నాను.

"రాడు. వాడు ఎలాగూ రాడు. వాడి పేరైనా ఉండనీ."

"ఆయన పేరు కోసం ఇంకొకడు చెడిపోతే, అది ఆయన పేరేనా?"

ఆవిడ ఆ పీలికలను పొయ్యిలో పడెయ్యబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ చెయ్యి అలా గట్టిగా పట్టుకోవడం అదే మొదలు. ఎముకలు తగిలాయి. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఈ పూట మాత్రం తోడొచ్చింది. బయట బల్ల మీద కూర్చుంది.

జేబులో కుక్కింది సరంగు కాదని ఎలా చెప్పగలవని మీరు అడిగారు. ముడిని బట్టి చెప్పగలను. అది మామూలు ముడి కాదు. మా అత్తగారు చిన్నతనంలో లాండ్రీలో బట్టల మూటలు కట్టే పని చేసేది. ఆవిడ ముడి అది, కొడుక్కి నేర్పింది. ఎంత గాలి కొట్టినా, ఎంత అదిరినా వదలదు. ఒక కొసను వెనక్కి మెలిక తిప్పి లాగితే ఒక్క లాగుకు వచ్చేస్తుంది. ఆ మెలిక తెలియనివాళ్ళు ఏ కొస లాగినా ఇంకా బిగుస్తుంది. ఓడలో ఎవరికీ రాలేదు. ఇంకొకరు తియ్యాలంటే కత్తితో కొయ్యాల్సిందే. ఈ పీలికలు చూడండి, ఎక్కడా కోసిన గుర్తు లేదు, నేను కుట్టిన అంచులు కూడా చెదరలేదు. కానీ నాకూ ఆ ముడి రాదు, ఎన్నిసార్లు నేర్పినా వేళ్ళకు పట్టలేదు. నా మాట తప్ప మీ ముందు పెట్టడానికి ఏమీ లేదు. ఆ ముడి తెలిసిన మనిషి బయట కూర్చుంది. ఆవిడను పిలవమని మాత్రం నేను అడగను. కొడుకు పోయిన తల్లిని పిలిచి, నీ కొడుకుదే తప్పు అని చూపించమ్మా అని నేను ఎలా అడగను?

ఇక్కడితో నేను చెప్పాల్సింది అయిపోయిందని అన్నాను. గుమాస్తాగారు కలం పక్కన పెట్టారు. ఆ తర్వాత జరిగింది కూడా ఇందులోనే రాయాలని నేను అడిగితే మీరు సరేనన్నారు.

తలుపు తీసే ఉంది. మా అత్తగారు బల్ల మీద నుంచి లేచి తనంతట తనే లోపలికి వచ్చింది. అంతా విన్నదని అప్పుడు తెలిసింది. నా వైపు చూడలేదు. మీ బల్ల మీది పీలిక ఒకటి చూపించి, తీసుకోవచ్చా అని అడిగింది. మీరు తల ఊపారు. సాక్షులు పట్టుకుని నిలబడే ఈ చెక్క కమ్మీకే దాన్ని చుట్టి ముడి వేసింది. గబగబా కట్టింది. "లాగు నాయనా" అని తలుపు దగ్గరి కానిస్టేబులును పిలిచింది. అతను ఒక కొస లాగాడు, ముడి బిగిసింది. రెండో కొస లాగాడు, ఇంకా బిగిసింది. ఆవిడ అతని చెయ్యి పక్కకు తప్పించి, రెండు వేళ్ళతో ఒక కొస పట్టుకుని, వెనక్కి మెలిక తిప్పి లాగింది. పీలిక మొత్తం ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

దాన్ని మూడు మడతలు పెట్టింది. జేబులో దొరికినప్పుడు ఎలా ఉందో అలాగే. ఆ మడత కూడా ఆవిడదేనని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

"కొయ్యలేదు, చింపలేదు. వాడే విప్పుకున్నాడయ్యా" అంది. "విప్పుకుని మళ్ళీ దిగాడు నా కొడుకు. ఆ సరంగును ఇంటికి పంపించండి."

తర్వాత నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్న చోటే పట్టుకుంది.

గుమాస్తాగారు మొదటి నుంచి చదువుతుంటే ఇద్దరం విన్నాం. మార్చాల్సింది ఏమీ లేదు. నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, అనుకున్నది అనుకున్నట్టు చెప్పాను. ఒకరి మీద పగతో కూడా కాదు, ఒకరి మీద జాలితో కూడా కాదు. ఇది నిజమని ఒప్పుకుంటూ,

సంతకం: చనిపోయిన పంపుమన్ భార్య.

ఎడమ బొటనవేలి ముద్ర: అతని తల్లి. ముడి వేసి, విప్పి చూపినందుకు.